తురాయి కోరిన పూరేడు పిట్ట

అనగనగా అంటే మరీ పాతకాలం కాదు పిల్లలూ, ఒక అడవిలో ఎలుగవ్వ అనే ముసలి ఎలుగుబంటి బడి నడిపేది. ఆ బడిలో పలకలు లేవు, బెత్తం అసలే లేదు. ఏ పాఠమైనా అవ్వ ఆటగా ఆడించి చెప్పేది. ఏటా మోదుగలు పూసే రోజుల్లో తల్లులందరినీ పిలిచి, పిల్లలు నేర్చిన ఆట చూపించేది.

ఆ ఏడు పాఠం పరమాణు కేంద్రకం. పేరు విని భయపడకండి. రాయి, నీరు, ఆకు, మీ ముక్కు, అన్నీ పరమాణువులనే కంటికి ఆనని రవ్వలతో అయినవే. ఆ రవ్వ నడిమధ్యలో ఇంకా చిన్న ముద్ద ఒకటి ఉంటుంది. అదే కేంద్రకం.

అవ్వ రెండు కోడిపుంజులను పిలిచి, మీరు ప్రోటాన్లు, ఒకరినొకరు తోసుకోవాలి అంది. పుంజులకు ఆ పని ఒకరు చెప్పాలా? రెండు పూరేడు పిట్టలను పిలిచి న్యూట్రాన్లు అంది. దూరంగా చుట్టూ తిరగడానికి రెండు తుమ్మెదలను పెట్టి, వాటికి ఎలక్ట్రాన్లు అని పేరు పెట్టింది.

పూరేళ్లలో చిన్నది సింగారి. పేరుకే సింగారి. ఒళ్లంతా ఎండుగడ్డి రంగు. గడ్డిలో కూర్చుంటే కన్నతల్లికి కూడా కనపడదు.

"అవ్వా, నేనేం చేయాలి?" అని అడిగింది సింగారి.

"పుంజుల మధ్య ఆనుకుని నిలబడాలి తల్లీ. ఎవరినీ తొయ్యకూడదు. పక్కవాళ్ల భుజం వదలకూడదు."

"అంతేనా?"

"అంతే. అందరూ ఒళ్లు ఆనుకుంటేనే కేంద్రకానికి పట్టు. కాస్త ఎడమైతే ఆ పట్టు పోతుంది."

సింగారికి ఏడుపొచ్చింది. పొద్దున్నే అమ్మ రెక్కలు దువ్వి, నిన్ను చూడ్డానికే వస్తున్నానని చెప్పి పంపింది. పుంజులకు నెత్తిన ఎర్రటి తురాయిలున్నాయి. తుమ్మెదలకు నలుగురూ చూసే పరుగుంది. ఊరికే నిలబడే తనను అమ్మ ఎలా పోల్చుకుంటుంది?

తల్లులు వచ్చి కూర్చునే వేళకు సింగారి మెల్లగా మోదుగ చెట్టు కిందికి వెళ్లింది. రాలిన ఎర్రపువ్వు ఒకటి ఏరి, తుమ్మబంకతో నెత్తిన అంటించుకుంది. తురాయి తయారైంది. మురిసిపోతూ వచ్చి పుంజుల మధ్య నిలబడింది.

మొదటి పుంజు ఎర్రతురాయి చూసి, ఇదీ ప్రోటానే అనుకుని సింగారిని ఒక్క తోపు తోసింది. రెండోది ఇటునుంచి తోసింది. తనూ ప్రోటానే కదా అని సింగారి ఎదురు తోసింది. అంతే, ముద్ద చెదిరిపోయింది. పుంజులు చెరో మూలా పడ్డాయి. పెద్ద పూరేడు పొదలోకి దొర్లింది. తుమ్మెదలకు ఎవరి చుట్టూ తిరగాలో తెలియలేదు.

తన వల్ల ఆటంతా పాడైందని సింగారి ఏడుస్తూ అవ్వ దగ్గరికి వచ్చింది. "అమ్మకి కనపడాలని పెట్టుకున్నానవ్వా" అంది.

ఎలుగవ్వ కసరలేదు. దాన్ని దగ్గరికి తీసుకుని, కన్నీళ్లు తుడిచింది. "మూడు తురాయిలయ్యేసరికి తోపులు పెరిగాయి, పట్టు తగ్గింది. నిజం కేంద్రకమూ అలాగే చెదిరిపోతుంది బంగారూ. తోసుకునేవాళ్లను కలిపి ఉంచడానికే నిన్ను ఏరుకున్నాను" అంది.

సింగారి కాలు ఎత్తి నెత్తిమీది పువ్వును పట్టుకుంది. తర్వాత తనే పీకేసుకుంది. బంకకు అంటుకుని రెండు ఈకలు కూడా ఊడాయి. నొప్పి పుట్టినా ఓర్చుకుంది.

మళ్లీ ఆట మొదలైంది. పుంజులు ఒకసారి తోసుకున్నాయి. సింగారి కదల్లేదు. రెండోసారి ఇంకా గట్టిగా తోసుకున్నాయి. దాని కాళ్లు తడబడ్డాయి గానీ భుజం వదల్లేదు. మూడోసారి ముద్ద ఊగి, ఊగి, నిలిచింది. తుమ్మెదలు హాయిగా తిరగసాగాయి.

తల్లుల్లోంచి సింగారి అమ్మ మెడ చాచి చాచి చూసింది. "ఎలుగవ్వా, నాకు రెండు తురాయిలే కనపడుతున్నాయి. నా పిల్ల ఏదీ?" అని అడిగింది.

"ఆ ముద్ద చెదరకుండా నిలిచింది చూడమ్మా. నీ పిల్ల ఉండబట్టే."

లోపల ఇరుక్కున్న సింగారి ఆ మాట వింది. పరుగున వెళ్లి అమ్మ రెక్క కింద దూరాలనిపించింది. కానీ ఆట ముగిసేదాకా భుజం మాత్రం వదల్లేదు.

నీతి: నలుగురినీ కలిపి ఉంచేవాళ్లు కంటికి కనపడకపోయినా, వాళ్లు లేనిదే ఏదీ నిలవదు.