వియ్యంకుడు వద్దన్న జాడీలు

వెలిచర్ల రాజు మాచభూపతికి, కూతురి పెళ్లి ఇంకో పది రోజులుందనగా ఒక సరదా పుట్టింది. ఓడలో వచ్చిన పరంగి వర్తకుడెవరో, తమ దేశంలో ఒక్కో వంటకానికి ఒక్కో ద్రాక్షసారా పోస్తారని చెప్పిపోయాడు. ఇక రాజుగారికి అదే ధ్యాస.

"పెళ్లికి ముందురోజు మగపెళ్లివారికిచ్చే విందు అలాగే జరగాలి. దేనికి ఏది పోయాలో ఎవరు చెబుతారు?" అని సభలో అడిగాడు.

గుండమరాజు లేచాడు. ఆస్థానంలో రుచుల పెద్ద ఆయనే. ఒక్క చుక్క నాలుక మీద వేసుకుని, ఆ ద్రాక్షతోట కొండకు ఏ పక్క ఉందో చెప్పగలనంటాడు. ఆ కొండ దాకా వెళ్లి చూసొచ్చినవాళ్లు లేరు కాబట్టి ఆయన పేరుకు ఢోకా లేదు.

"చేపల పులుసుకి తెల్లద్రాక్ష. వేటమాంసానికి నల్లద్రాక్ష. కౌజుపిట్టల ఇగురుకి పదేళ్లు నిలవున్న ఇప్పసారా. ఎంచడం నా వంతు ప్రభూ. జాడీలు చెడకుండా చూసి పోయించడం మాత్రం ఆ నాగసూరి వంతు."

నాగసూరి జాడీల కొట్టు చూసే కుర్రాడు. ఏ జాడీలో ఏముందో ఎంత చెప్పినా గుర్తుండదు గనక, ఒక్కోదానికి తను మనసు పారేసుకున్న ఒక్కో పిల్ల పేరు పెట్టుకున్నాడు. జాడీలు ముప్ఫై ఆరు. అన్నిటికీ పేర్లు సరిపోయాయి. ఆఖరిది కువలయ, వంటశాలలో విస్తళ్లు సర్దే పిల్ల. ఆ పిల్ల అతనితో ఇంతవరకూ ఒక్క మాటా ఆడలేదు. ప్రేమలో అదీ ఒక రకమేనని సరిపెట్టుకున్నాడు.

"విన్నావుటోయ్," అన్నాడు రాజు నాగసూరి వైపు తిరిగి. "మా వియ్యంకుడి సంగతి తెలుసుగా."

తెలియనివాళ్లెవరు? గండవరం రాజు దేవరభూపతి వంక పెట్టకుండా విస్తరి మడవడు. పెద్దకొడుక్కి కుదిరిన రెండు సంబంధాలు ఇలాంటి విందుల్లోనే, ఆయన చెయ్యి కడుక్కుని లేచిపోవడంతోనే తప్పిపోయాయి.

"ఆయన మధ్యలో లేచాడో, మా అమ్మాయి పెళ్లి ఆగినట్టే. నువ్వు ఏనుగుల కొట్టంలో లద్దెలు ఎత్తడానికి పోయినట్టే."

"ఎంచింది వారు కదా ప్రభూ," అని నసిగాడు నాగసూరి.

"వారి నాలుక మీద నాకు నమ్మకముంది. లేనిది నీ మీదే."

ఆ మాటకొస్తే నాగసూరికీ తన మీద లేదు.

విందు రోజు పొద్దుండగానే బంతి వేశారు. చేపల పులుసుతో తెల్లద్రాక్ష పోశారు. దేవరభూపతి ఒక గుక్క తాగి గిన్నె పక్కకు నెట్టాడు.

"పులుసులో చింతపండు ఉంది కదా బావగారూ. మళ్లీ ఈ పులుపెందుకు?"

"జాడీ చెడగొట్టాడు ప్రభూ," అని గుండమరాజు రాజు చెవిలో ఊదాడు.

శుభకార్యంలో చుట్టాలు వద్దన్నదాన్ని మళ్లీ కొట్లో పెట్టకూడదని వెలిచర్లలో ఆనవాయితీ. మరెక్కడ పెట్టాలో నాగసూరికి తోచలేదు. జాడీ చంకన పెట్టుకుని మండపం మెట్ల మీద నిలబడ్డాడు. అటుగా కువలయ విస్తళ్ల కట్టతో వెళుతోంది. అతను చూస్తూ ఉండిపోయాడు. చంక తేలికైంది. మెట్ల కింద కూర్చున్న గండవరం బోయీలు, దేవరభూపతి పల్లకి మోసుకొచ్చిన ఎనిమిదిమంది, జాడీ అందేసుకున్నారు.

"మా దొర వద్దన్నది మాకే లేవయ్యా. మా ఊళ్లో అంతే," అన్నాడు వాళ్లలో పెద్దాయన.

వేటమాంసం వచ్చింది. నల్లద్రాక్ష పోశారు.

"ఇది మా గండవరంలో దగ్గుకి వాడతారు," అన్నాడు దేవరభూపతి.

ఆ జాడీ కూడా మెట్లు దిగింది. కాసేపటికి కింద పాట మొదలైంది. ఎనిమిదిమందీ ఎనిమిది పాటలు పాడుతున్నారు.

కౌజుపిట్టల ఇగురుతో ఇప్పసారా జాడీ మూత తీశారు. దేవరభూపతి వాసన చూశాడు. ముక్కు ముడుచుకుంది. చెయ్యి చెంబు వైపు వెళ్లింది. రాజుగారి ముఖం పాలిపోయింది. నాగసూరి ముక్కుకు ఏనుగుల కొట్టం వాసన ఇక్కడిదాకా తగిలింది.

అంతలో కింద ఏదో దబ్బున పడింది.

"ఏమిటా గోల?" అన్నాడు దేవరభూపతి.

"తమరి బోయీలు మహాప్రభూ," అన్నాడు నాగసూరి. "తమరు వద్దన్న రెండు జాడీలూ వాళ్లకే చేరాయి. ఐదుగురు పడుకున్నారు. ముగ్గురు పల్లకి కొయ్య పట్టుకుని నిలబడ్డారు. కొయ్య వదిలితే వాళ్లూ పడుకుంటారు."

"అయితే?"

నాగసూరికి భయంతో నోరు ఎండిపోయింది. కానీ మాట మాత్రం దానంతటది వచ్చేసింది.

"ఈ మూడోది కూడా వద్దంటే అదీ వాళ్లకే చేరుతుంది. రేపు ముహూర్తానికి పల్లకిలో బోయీలు కూర్చుంటారు, తమరు మోయాలి."

బంతి బంతంతా కొయ్యబారిపోయింది. ముందు నవ్వింది దేవరభూపతి బావమరిది. తిన్న పిట్ట గొంతుకడ్డం పడి దగ్గుతూ నవ్వాడు. ఆ తర్వాత ఆపడం ఎవరి వల్లా కాలేదు. దేవరభూపతి కాసేపు మీసం వెనక దాచుకుందామని చూశాడు. దాగలేదు. చెంబు మీది చెయ్యి తీసి గిన్నె అందుకుని గటగటా తాగేశాడు.

"బావగారూ, ఇప్పసారా బాగుంది. ఇంకో గిన్నె పోయించండి. కిందికి మాత్రం పంపకండి."

"నేనెంచినదే," అన్నాడు గుండమరాజు రొమ్ము విరిచి.

"మూడెంచితే రెండు బోయీలకే సరిపోయాయి. వాళ్ల రుచి మీకు బాగా తెలుసు," అన్నాడు మాచభూపతి. తన భుజం మీది జరీ శాలువా తీసి నాగసూరికి కప్పాడు. వేలికున్న ఉంగరం తీసి ఇచ్చాడు.

"ఏమి తెలివోయ్ నీది," అని పదిమందీ అంటుంటే, అది తెలివి కాదు, కాళ్ల వణుకు అని చెబుదామనుకుని మానుకున్నాడు నాగసూరి. ఎదురుగా కువలయ నవ్వుతూ నిలబడి ఉంది మరి.

"శాలువా పులుసులో పడింది, చూసుకోండి," అంది.

అది ఆ పిల్ల అతనితో ఆడిన మొదటి మాట. ఎంత బాగా అందో అనుకుంటూ అతను శాలువా సంగతి మరిచిపోయాడు.