మూడు తరాల ట్రాక్టర్లు, ఐదు రోజుల పదును

తుమ్మగుంటలో తెలివనేది ఎక్కడన్నా ఉందంటే అది మాదాల వాళ్ళ ఇంట్లోనే ఉందని ఊరందరికీ తెలుసు. ఎట్టా తెలుసంటే, మాదాల వాళ్ళే ఇల్లిల్లూ తిరిగి చెప్పారు. ఆ ఇంట్లో ముగ్గురన్నదమ్ములు: కోటయ్య, పేరయ్య, చెంచయ్య. పెద్దవాణ్ణి కాబట్టి తెలివిలో పెద్ద వాటా నాదేనని కోటయ్య లెక్క. ఆలోచించాల్సి వచ్చినప్పుడల్లా తలకు తువ్వాలు బిగించి చుట్టేవాడు, ఉన్న తెలివి పక్కకు కారిపోకుండా.

ఇంట్లో ట్రాక్టర్లూ మూడే. మొదటిది తాత కొన్నది. ముందు హ్యాండిల్ పెట్టి తిప్పీ తిప్పీ మనిషి పడిపోతే గానీ అది లేవదు. లేచిందా, దాని పొగకు ఊళ్ళో దోమన్నది ఉండదు. రెండోది నాన్న కొన్నది. నలుగురు నెడితే గానీ కదలదు. మూడోది అన్నదమ్ములు కలిసి పాతికేళ్ళ కిందట కొన్నది. తాళం తిప్పితే చాలు లేస్తుంది, ఎటొచ్చీ ఆగమంటేనే ఆగదు. తాత బండి గొప్పదని కోటయ్య, నాన్న బండి గొప్పదని పేరయ్య, కాదు మన బండేనని చెంచయ్య. పదేళ్ళుగా ఇదే పంచాయితీ.

ఆ ఏడు కార్తీకంలో మంచి వాన పడింది. వాళ్ళ మూడెకరాల నల్లరేగడి తడిసి, కాస్త ఆరి, శనగ విత్తడానికి సరైన పదునుకొచ్చింది. ఆ పదును ఐదు రోజులుంటే గొప్ప. దాటిందంటే నేల బిగుసుకుపోతుంది, ఇంక ఆ ఏటికి పంట లేదు.

"ఇంట్లో ఉన్న శనగలన్నీ విత్తనానికే ఉంచాను. ఇవి మొలవకపోతే ఏడాదంతా మట్టే తినాలి" అంది కోటయ్య పెళ్ళాం రమణమ్మ.

మట్టి కోటయ్యకు చిన్నప్పట్నించీ సయించదు. "పదండ్రా, ఇప్పుడే దున్నేద్దాం!" అని లేచాడు.

"ఏ బండితో?" అన్నాడు పేరయ్య.

ఇంకేముంది, మళ్ళీ మొదలు. అరిచి అరిచి గొంతులు పోయాక మెకానిక్ మస్తాన్ దగ్గరికి పోయారు. "నన్నడుగుతారేంది కోటయ్యన్నా? పొలంలో దించండి, ఏది గొప్పదో ఆ బళ్ళే చెబుతాయి" అన్నాడు మస్తాన్.

అంతే. మూడు బళ్ళనూ పొలంలో దించి, ముగ్గురూ గట్టు మీద బాసింపట్టు వేసుక్కూర్చున్నారు. మోతలో మాట వినపడదని నానా తంటాలు పడి ఇంజన్లు ఆపేశారు. పొద్దు నడినెత్తికొచ్చింది. బళ్ళు ఉలకవు, పలకవు.

"మన బండికి సిగ్గేమో అన్నా" అన్నాడు చెంచయ్య.

"సిగ్గు కాదురా, మర్యాద. పెద్ద బండి ముందు నోరెత్తకూడదని ఊరుకుంది."

"మరి పెద్ద బండన్నా చెప్పొచ్చుగా?"

"తన గొప్ప తాను చెప్పుకునే వంశమట్రా మనది?" అని కసిరాడు కోటయ్య. అట్టా మొదటి రోజు పోయింది.

మర్నాడు ఓబయ్య మామ అటుగా పోతూ ఆగాడు. "కూర్చుంటే ఏం తేలుద్ది అల్లుడూ? ఒకే నేలలో మూడింటితోనూ దున్నించి చూడండి" అన్నాడు.

"ఆహా, ఈయనకూ మన గాలి సోకింది" అని మురిసిపోయాడు కోటయ్య. తాత బండికి నాగలి తగిలించి గట్టు వెంట ఒక చాలు దున్నాడు. పేరయ్య తన బండి తెచ్చి సరిగ్గా అదే చాల్లో దించబోయాడు.

"ఆగరా దొంగా! నేను గట్టి నేల దున్నాను, నువ్వు మెత్తటి నేల దున్ని గెలుద్దామనే? ముందు నేల ఎట్టా ఉందో అట్టా పెట్టు."

న్యాయం న్యాయమే కదా. దున్నిన మట్టి ముగ్గురూ కలిసి పూడ్చారు, నీళ్ళు చల్లారు, దిమ్మిసలు తెచ్చి దబదబా బాదారు. సద్ది మోసుకొచ్చిన రమణమ్మ అది చూసి నోటి మీద చెయ్యేసుకుంది. "అయ్యో నా రాత! దున్నింది పూడుస్తున్నారేందయ్యా?"

"పరాయి ఊరిదానివి, నీకర్థం కాదులే" అన్నాడు కోటయ్య జాలిగా.

రెండో రోజంతా అదే. మూడో రోజు పేరయ్య దున్నాడు, మళ్ళీ పూడ్చి మళ్ళీ బాదారు. చెంచయ్య వంతు వచ్చేసరికి ఆ నేల మీద రోకలేస్తే ఎగిరి పడేట్టుంది. నాగలి దించాడో లేదో, కర్రు టప్పున విరిగింది.

"చూశావా నీ బండి బతుకు!" అని ఎగతాళి చేశారు అన్నలు.

చెంచయ్యకు ఏడుపొచ్చింది. "మీ కర్రులు నిక్షేపంగా ఉన్నాయి, నాది విరిగింది. ఇంక సమానం ఎట్టా అయింది?"

కోటయ్య తువ్వాలు బిగించాడు. తమ్ముడి మాటలో న్యాయం కనిపించింది. సమ్మెట తెచ్చి మిగతా రెండు కర్రులూ తనే విరగ్గొట్టాడు. ఇప్పుడు మూడు తరాలూ సమానం. కొత్త కర్రులు వేయించుకొద్దామని మూడు బళ్ళూ వేసుకుని టౌనుకు పోయారు.

రమణమ్మ కాసేపు ఏడ్చి, ఏడ్చి లాభం లేదని కొంగు బిగించింది. పొరుగూళ్ళో ఉన్న అన్నకు కబురు పెట్టింది. నాలుగో రోజు పొద్దున్నే ఆయన రెండు జతల ఎద్దుల్ని తోలుకొచ్చాడు. మాటా మంతీ లేకుండా గుంటక తోలి నేల గుల్లచేసి, విత్తనాల గొర్రు కట్టి, పొద్దు గూకేలోపల మూడెకరాలూ విత్తేశాడు. రమణమ్మ కడుపు నిండినట్టయింది. అన్నతో కలిసి పుట్టింటికి పోయింది, పొద్దున్నే బస్సుకొస్తానని ఇరుగమ్మకు చెప్పి.

ఐదో రోజు తెల్లవారుతుండగానే అన్నదమ్ములు కొత్త కర్రులతో తిరిగొచ్చారు. పొలం చూసి కోటయ్య కొయ్యబారిపోయాడు. "ఒరేయ్, మన పొలమేదిరా?"

"ఇదే కదన్నా."

"ఎట్టా అవుద్దిరా బుద్ధిలేనోడా? మన పొలం దున్నలేదు. ఇది దున్నిన పొలం. అంటే ఇది మనది కాదు!"

ఇంటికి పరిగెత్తి చూస్తే శనగల మూటా లేదు. "పొలం ఎత్తుకెళ్ళిన దొంగలే గింజలూ ఎత్తుకెళ్ళారు" అని తేల్చాడు పేరయ్య. పప్పుకని దాచిన తట్టెడు కందులు మిగిలాయి, అవే నెత్తిన పెట్టుకుని పొలం వెతుక్కుంటూ బయల్దేరారు. పదును ఈ పొద్దుతో సరి! కోటయ్య నడక కాస్తా పరుగైంది. తాత సంపాదించిన మూడెకరాలు తన హయాంలో పోయాయంటే ఎక్కడ దూకి చావాలి?

ఊరి పొలిమేరలో కాలికి గట్టి నేల తగిలింది. కంకర పరిచి, రోలరు తొక్కించిన కొత్త రోడ్డది. కోటయ్య మడమతో తన్ని చూసి ఎగిరి గంతేశాడు. "దొరికిందిరా! మన దిమ్మిస దెబ్బ నేను గుర్తుపట్టలేనా?"

"పొడుగ్గా ఉందేందన్నా?" అన్నాడు చెంచయ్య.

"వానకు నాని సాగింది."

అంతే. ఇంక పోటీ లేదు, గీటీ లేదు. ఇంటి నుంచి తెచ్చిన మూడు తరాల బళ్ళూ మొదటిసారి వరసగా కదిలాయి. ఈ చివర నుంచి ఆ చివర దాకా రోడ్డు పెళ్ళలు పెళ్ళలుగా లేచింది. పెళ్ళల మధ్య కందులు చల్లి, చెమట తుడుచుకుంటుంటే పొద్దుటి బస్సొచ్చి కీచుమని ఆగింది.

"ఓ పెద్దాయనా! ఊళ్ళోకి దారేది?" అని కేకేశాడు డ్రైవరు.

పాపం, పరాయి మనిషి, దారి తప్పాడనుకున్నాడు కోటయ్య. రోడ్డుకు అవతల కనిపిస్తున్న, కొత్తగా విత్తిన మూడెకరాల వైపు చెయ్యి చూపించాడు. "అదిగో, ఆ దున్నిన చేలో పడి తోలుకుపో. మా పైరు మాత్రం తొక్కమాక!"

డ్రైవరు అటు తిప్పాడు. బస్సు కిటికీలోంచి రమణమ్మ సగం బయటికి వేలాడుతూ గుండెలు బాదుకుంది. "అయ్యయ్యో, ఆపండయ్యా! అది మన పొలమయ్యా!"

కోటయ్య నవ్వి, తమ్ముళ్ళ వైపు తిరిగాడు. "విన్నార్రా మీ వదిన మాట? మన పొలమే అయితే బస్సును దాన్లోకి తోలమని నేనెందుకు చెబుతాను?"