తిప్పక్క పంపింది

అవ్వల అవ్వలు పరికిణీల్లో తిరిగే కాలంలో, గుట్టల నడుమ ఒక ఊరుండేది. ఆ ఊళ్లో మందుకు లొంగని రాచపుండు లేచిందంటే, మనిషికి బతికుండగానే ఇల్లు పోయేది. అంటుకుంటుందని భయపడి ఊరవతల కొట్టంలో పడేసేవాళ్లు.

ఓబుళమ్మకు రొమ్ములో పుండు లేచింది. కొట్టంలో అప్పటికే ఒక ఆడమనిషి, ఒక ముసలాయన ఉన్నారు. ముగ్గురూ మూడు మూలలకు తిరిగి పడుకునేవాళ్లు. కూడు గడప బయటే పెట్టిపోయేవాళ్లు.

ఒకరోజు తోలుబొమ్మలు చేసే తిప్పక్క వచ్చింది. గడప దగ్గర ఆగలేదు. నేరుగా వచ్చి ఓబుళమ్మ చాప మీదే కూర్చుంది. ఓబుళమ్మ గోడవైపుకు ముడుచుకుంది.

"ఓయక్కా, లెయ్యి! నీకూ అంటుకుంటాది!"

"అంటుకోనీలే. చెయ్యి ఇట్లియ్యి."

తిప్పక్క ఆ చేతిలో కుంచె పెట్టి, ముందర పల్చటి మేకతోలు పరిచింది.

"సచ్చేదానికి బొమ్మలాటా?" ఓబుళమ్మ కుంచె విసిరికొట్టింది.

మర్నాడు తిప్పక్క మళ్లీ వచ్చింది. ఓబుళమ్మ మళ్లీ విసిరికొట్టింది. ఆ మర్నాడూ వచ్చింది. ఈసారి ఓబుళమ్మ కుంచె పట్టుకుని భోరున ఏడ్చింది. తిప్పక్క ఓదార్చలేదు. ఏడుపు తీరేదాకా పక్కనే కూర్చుని ఎర్రరంగు నూరింది.

ఆ రంగుతో ఓబుళమ్మ తన పుండునే రాక్షసిగా గీసింది. నోటికొచ్చినట్టు తిట్టింది. మూలల్లోని ఇద్దరూ ఇటు తిరిగారు. ఆ ఆడమనిషి కోరలు పెట్టింది. ముసలాయన తోక పెట్టాడు. ముగ్గురూ పకపకా నవ్వారు. పుండు మానలేదు, నొప్పి తగ్గలేదు. అయినా తెల్లారితే తిప్పక్క అడుగుల కోసం చెవులు రిక్కించేవాళ్లు.

ఒక పొద్దున ఆమె రాలేదు. కూడు తెచ్చినామె దూరం నుంచే అరిచింది.

"తిప్పక్కను పాము కరిసింది. పోయింది!"

 పోవాల్సింది తను కదా, అనుకుంది ఓబుళమ్మ. గట్టిగా ఉన్న మనిషి పోవడమేంది?

"లెయ్యండి," అంది మిగతా ఇద్దరితో.

ముగ్గురూ ఒకరినొకరు పట్టుకుని ఊళ్లోకి నడిచారు.  పాడె చుట్టూ ఉన్నవాళ్లు వెనక్కి దూకారు. ఓబుళమ్మ వంగి తిప్పక్క పాదాలు పట్టుకుంది.

"ఇన్నాళ్లు మా చాప మీద కూచునింది. పాము సంపింది గానీ మా పుండు అంటలేదు. సూడండి!"

 గుంపులోంచి ఓబుళమ్మ కూతురు ఒక్కతే పరుగున వచ్చి తల్లిని వాటేసుకుంది.

ఓబుళమ్మ ఆ ఏడు దాటలేదు. కానీ తన ఇంట్లో, కూతురి ఒళ్లో పోయింది. కొట్టం కూలిపోతే మళ్లీ ఎవరూ కట్టలేదు.

ఇప్పటికీ ఆ గుట్టల పక్క, రాచపుండు వచ్చిన ఇంటికి ఒట్టి చేతుల్తో పరామర్శకు పోరు. రంగో, దారమో, తోలుముక్కో పట్టుకుపోతారు. వాకిట్లో నిలబడి "తిప్పక్క పంపింది" అంటారు. లోపలి మనిషి చాప మీద కాస్త పక్కకు జరిగి చోటిస్తుంది.