యోగ్యుడు తేలేదాకా పుట్టి కదలరాదు

పొద్దున్నే. వాన వెలిసింది. గాలి లేదు.

పేరు ఎవరికీ గుర్తులేని ఒక నదీతీరపు రాజ్యంలో, ఆ పొద్దున ఏరు పొంగి ఉంది. ఏటి మధ్య లంకలో దోసపాదులున్నాయి. కాయలు కోయడానికి ముందురోజు వెళ్లిన ఏడుగురు అక్కడే చిక్కుకుపోయారు. నీళ్లు పాదుల్ని ముంచేశాయి. ఏడుగురూ కాపలా మంచె ఎక్కి కూర్చున్నారు.

వాళ్లలో నలుగురు గవరమ్మ ఇంటివాళ్లు. మొగుడు, కొడుకు, కోడలు, కూతురు.

గవరమ్మ రేవులో పుట్టి నడుపుతుంది. పుట్టి అంటే వెదురుతో అల్లి, తోలు కప్పిన గుండ్రటి పడవ. రేవులో అలాంటివి నాలుగున్నాయి. ఆ పొద్దున నాలుగింటికీ గొలుసులు వేసి ఉన్నాయి. భటులు కాపలా ఉన్నారు.

కారణం రాజుగారు.

ఉద్దండ భూపతికి పిల్లలు లేరు. వయసు మీద పడింది. తన తరవాత సింహాసనం ఎవరికన్నది ఆరు నెలలుగా తేలలేదు. ఒకవైపు దళవాయి చెంగల్రాయుడు, పన్నెండు యుద్ధాలు చేసినవాడు. మరోవైపు గుండయ సెట్టి, ఏడు రేవుల్లో ఓడవర్తకం చేసినవాడు. రాజ్యం నడపడానికి కత్తి పట్టిన అనుభవం మేలా, తక్కెడ పట్టిన అనుభవం మేలా అని కొలువులో రోజూ వాదనే.

వరద వార్త రాగానే రాజుగారికి సంబరమేసింది. "ఇదే పరీక్ష! అందరిలోకీ యోగ్యుడెవరో తేలాలి. తేలినవాడు మొదటి పుట్టిలో కూర్చుని లంకకు వెళ్లాలి. అప్పటిదాకా ఒక్క పుట్టి కదలడానికి వీల్లేదు" అని చాటింపు వేయించారు.

గవరమ్మ తడిచీరతోనే కొలువుకు వచ్చింది. 

"తక్కెడ పట్టిన చేత్తో ఏరు దాటిస్తాడట! అలతో బేరమాడతావా సెట్టీ?" అంటున్నాడు దళవాయి.

"కత్తి చూపిస్తే పారిపోవడానికి ఏరు శత్రువు కాదు దళవాయిగారూ. మీ పన్నెండు యుద్ధాల్లో సైన్యం కడుపు నిండిందంటే నేను పంపిన బియ్యం వల్ల."

"బియ్యమా అవి? సగం రాళ్లు!"

కొలువు నవ్వింది. రాజుగారు మీసం దువ్వారు. "భేష్! పండితులు రెండు పక్షాలూ రాసి తేవాలి. భోజనం తరవాత వింటాం."

గవరమ్మ ముందుకు వచ్చింది. "మారాజా, నేను రేవు గవరమ్మను. నీళ్లు మంచెకు ఇంక మూడు జానలే తక్కువ."

"తొందరపడితే రాజ్యాలు నడవవమ్మా. యోగ్యుడు తేలాలి."

"తేలాలి మారాజా. ఆ సంగతి మీదే ఒక మాట అడగొచ్చా?"

"అడుగు."

ఆమె దళవాయి వైపు తిరిగింది. "తమరైతే ఏం చేస్తారు బాబూ?"

"నాలుగు పుట్లనూ బారు తీరుస్తాను. భేరి మోగిస్తాను. మొదటి పుట్టిలో ముందు భాగాన నేను నిలబడతాను."

"పుట్టి గుండ్రంగా ఉంటుంది బాబూ. దానికి ముందూ వెనకా లేవు. నిలబడితే బోర్లపడుతుంది."

దళవాయి దగ్గాడు.

"తమరు, సెట్టిగారూ?"

"ముందు తూకం చూస్తాను. ఏడుగురు మనుషులు, ఓ పది బస్తాల దోసకాయలు..."

"దోసకాయలు ఏట్లో పోయాయండి."

సెట్టి వేళ్లు మడవడం ఆపాడు.

"చూశావా, తేల్చడం ఎంత కష్టమో!" అన్నారు రాజుగారు ఉత్సాహంగా. "ఇద్దరికీ అనుభవముంది. ఇద్దరిలోనూ లోటుంది."

"అవును మారాజా. యుద్ధాలు సరే, ఓడలు సరే. రాజ్యం ఏలిన అనుభవం ఈ కొలువులో ఎవరికుంది?"

"మాకు! ముప్పై రెండేళ్లు!"

"కత్తి అనుభవం కంటే అది గొప్పదేనా?"

"సందేహమా?"

"తక్కెడ అనుభవం కంటే?"

"దానికీ దీనికీ పోలికేమిటమ్మా!"

"అయితే అందరిలోకీ యోగ్యుడు తేలిపోయాడు. చాటింపు ప్రకారం మొదటి పుట్టి తమరిదే. రండి మారాజా."

 రాజుగారి చెయ్యి మీసం మీదే ఆగిపోయింది. ఆయనకు ఈత రాదు. కాదందామంటే చాటింపు తనది, అన్న మాటా తనదే.

"మాకు... పుట్టి నడపడం రాదు" అన్నారు మెల్లగా.

"ఇన్నేళ్లలో తమకు రాని పని ఎదురైతే ఏం చేసేవారు?"

"తెలిసినవాళ్లను అడిగేవాళ్లం."

"అడగండి మరి."

రాజుగారు సింహాసనం దిగారు. "గవరమ్మా, ఇప్పుడేం చెయ్యాలి?"

"గొలుసులు తీయించండి. సెట్టిగారి ఓడల మోకు తెప్పించండి, అంత పొడుగు తాడు ఇంకెవరి దగ్గరా లేదు. దళవాయిగారి భటులు గట్టు మీద నిలబడి తాడు పట్టాలి. వదలమంటే వదలాలి, లాగమంటే లాగాలి."

ఆ మాటకు ఎవరూ వాదించలేదు.

రేవులో గవరమ్మ పుట్టిని తోసే గెడ అందుకుంది. రాజుగారు పుట్టి ఎక్కి, ఎక్కడ కూర్చోవాలో తెలియక ఒక చుట్టు తిరిగారు.

"కిందే కూర్చోండి మారాజా. కిరీటం తీసేయండి, బరువు పైన ఉండకూడదు."

"మాకు కళ్లు తిరుగుతున్నాయి."

"తిరిగేది పుట్టి. కళ్లు మూసుకోండి."

సగం ఏట్లో నీళ్లు లోపలికొచ్చాయి. గవరమ్మ చేతిలో గెడ ఉంది. తోడడానికి ముంత కనబడలేదు. రాజుగారు కళ్లు తెరిచి చూసి, కిరీటం తిరగేసి, నీళ్లు తోడి పోయడం మొదలుపెట్టారు. మంచె మీదివాళ్లలో ముగ్గురిని ఎక్కించుకుని ఒడ్డుకు తిరిగొచ్చేదాకా ఆపలేదు.

గట్టు ఎక్కాక నిలువునా తడిసి ఉన్నారు. కిరీటంలోంచి ఒక చిన్న చేప జారి పడింది. రాజుగారు దాన్ని చూసి పకపకా నవ్వారు.

"ముప్పై రెండేళ్లలో ఈ కిరీటం పనికొచ్చింది ఇవాళే!" అన్నారు. "దళవాయీ, సెట్టీ! మీరిద్దరూ ఏడాదిపాటు ఈమె రేవులో గెడ వెయ్యండి. తెలియనిది అడగడం ఎవరికి ముందు వస్తే సింహాసనం వాళ్లది. గవరమ్మా, మమ్మల్ని మా మాటతోనే కట్టేశావు. ఏం కావాలో కోరుకో."

"వరదొస్తే పుట్టి కదలడానికి ఎవరి ఉత్తరువూ అక్కర్లేదని రాయించండి మారాజా."

"రాయిస్తాం. ఇంకా?"

చేతి కంకణం తీసి ఆమె అరచేతిలో పెట్టారు. ఆమె దానివైపు చూడలేదు. మిగతావాళ్లతో రెండో పుట్టి అప్పుడే ఒడ్డుకు తగిలింది.

"కాసేపాగండి మారాజా. లెక్క తప్పుతుంది."

రాజుగారు పక్కకు జరిగారు.

మొగుడు అప్పలసూరి. కొడుకు పోలయ్య. కోడలు రావులమ్మ. పక్కింటి ముసలి దాలయ్య, అతని కోడళ్లు ఇద్దరు. ఆరు.

దాలయ్య వెనకనుంచి, ఒక కాలికే చెప్పుతో, కూతురు పైడమ్మ దిగింది.

ఏడు.

గవరమ్మ మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టింది.