చలమయ్య లారీ ఆట

లూదియ రెండు రోజులుగా ఒక ఆటతో తగువు పడుతోంది.

ఆట మొదలవుతుంది. తెర మీదికి లారీ బొమ్మ వస్తుంది. హారన్ ఒక్కసారి మోగుతుంది. అంతలోనే ఒక చిన్న పెట్టె వచ్చి, సీడీ డిస్కు పెట్టమంటుంది. డిస్కు పెట్టే ఉంది. అయినా పెట్టమంటుంది.

ఆ డిస్కు చలమయ్యది. చీరాల నుంచి కలకత్తా దాకా ముప్పై ఏళ్లు లారీ నడిపిన మనిషి. పోయిన ఏడాది పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. వేళ్లు ఆడించమని ఎంత బతిమాలినా వినేవాడు కాదు. మెత్తటి బంతి ఇచ్చి పిసకమంటే గోడ వైపు తిరిగి పడుకునేవాడు. ఈ పాత లారీ ఆట ముందు కూర్చోబెడితే మాత్రం మౌసు మీద చెయ్యి వేసి మెల్లగా మలుపులు తిప్పేవాడు. మౌసు నొక్కితే హారన్. అది ఇంకా ఇష్టం ఆయనకి.

ఆయన కంప్యూటర్ చెడిపోయి మస్తాన్ గారి షాపుకి వచ్చింది. మస్తాన్ గారు స్టేషన్ రోడ్డులో ఎప్పటినుంచో రిపేర్లు చేస్తున్నారు. లూదియ ఆయన దగ్గర పని నేర్చుకుంటోంది. పాత హార్డ్ డిస్కు పనికిరాదని తేలితే, లూదియే కొత్తది వేసి, విండోస్ బదులు లినక్స్ ఎక్కించింది. అంత పాత మిషనుకి అదే తేలిక. ఇంట్లోవాళ్లు దాంతో ఏం చేస్తారని అడగలేదు. చకచకా పనిచేస్తుంటే చూసి మురిసిపోయింది.

వారం తర్వాత చలమయ్య భార్య రాజ్యం దాన్ని ఆటోలో వేసుకుని తిరిగొచ్చింది.

"మిషను బ్రహ్మాండంగా పరిగెడుతోందమ్మాయ్. మా ఆయనే రిపేరొచ్చిన లారీలా షెడ్డుకెళ్లాడు," అంది.

ఆట ఇందులో రావడం లేదట. ఆయన వారం నుంచి ఒళ్లోంచి చెయ్యి తీయలేదట. వేళ్లు బిగుసుకుపోతున్నాయి, ఇలాగే వదిలేస్తే ఇక తెరుచుకోవు అని వ్యాయామం చేయించే ఆవిడ చెప్పి వెళ్లిందట. చెబుతున్నంతసేపూ రాజ్యం డిస్కు కవరుని కొంగుతో తుడుస్తూనే ఉంది.

పాత విండోస్ మళ్లీ వేద్దామంటే అది వాళ్ల దగ్గరా లేదు, షాపులోనూ లేదు. కొత్త ఆట ఏదన్నా ఇచ్చి పంపించమని పక్కషాపతను సలహా చెప్పాడు. లూదియ వినలేదు. పోగొట్టింది నేనే, తెచ్చేదీ నేనే అని కూర్చుంది.

విండోస్ కోసం చేసినవాటిని లినక్స్‌లో నడిపే వైన్ అనే ప్రోగ్రాం ఒకటుంది. ముందు దాన్ని వేసింది. తర్వాత డిస్కులోంచి ఆటను ఎక్కించింది. డిస్కు నిండా గీతలు. గంటన్నర పట్టింది.

ఆ గంటన్నరా ఊరికే కూర్చోలేకపోయింది. మస్తాన్ గారు నమాజుకి వెళ్లారు. ఆయన బల్ల చూస్తే దుమ్ము, చిందరవందర. అంతా తుడిచింది. పనిముట్లన్నీ ఒక కొత్త అరల డబ్బాలో వరసగా సర్దింది. డబ్బాని బల్ల మధ్యలో, అందరికీ కనపడేట్టు పెట్టింది. మస్తాన్ గారికి రెండు కళ్లలోనూ శుక్లాలు. చూపు చాలా తగ్గింది. డబ్బా ఉంటే ఆయనకీ సుఖం అనుకుంది.

ఆయన తిరిగొచ్చి తన కుర్చీలో కూర్చున్నారు.

మర్నాడు పొద్దున కూడా ఆట డిస్కు పెట్టమనే అంటోంది. లూదియ డిస్కు తీసి, తుడిచి, మళ్లీ పెట్టింది. మళ్లీ అదే మాట. ఆట మొత్తం చెరిపేసి మొదటినుంచి ఎక్కించింది. అదే మాట.

"చూడండి మాస్టారూ," అంది విసుగ్గా. "ముందే పెట్టాను. కళ్లెదురుగా ఉంది. దీనికి కనపడదా?"

మస్తాన్ గారు ఒక పాత రేడియో ఒళ్లో పెట్టుకుని ఉన్నారు. కుడిచెయ్యి పక్కకి చాపారు. చెయ్యి బల్ల అంచుకి తగిలింది. అక్కడ ఏమీ లేదు. వేళ్లు ఒకసారి అటూ ఇటూ వెతికి ఆగాయి. చెయ్యి మాత్రం వెనక్కి తీయలేదు. ఒట్టి చెక్క మీద అలాగే ఉంచారు.

లూదియ చూసింది.

"చిన్న స్క్రూడ్రైవరా మాస్టారూ? డబ్బాలో ఉంది. మీ ముందే."

"ముందే ఉందా?"

"ఉంది మాస్టారూ."

"ఆ సంగతి నా చేతికి చెప్పావా, అమ్మా?"

లూదియ లేచి ఆ డబ్బా తీసుకుని ఆయన పక్కన నిలబడింది. చెయ్యి చాపమని అడిగింది. ఆయన చాపారు. చెయ్యి ఎక్కడ ఆగితే అక్కడ స్క్రూడ్రైవరు పెట్టింది. మళ్లీ చాపారు, అక్కడ బ్రష్షు పెట్టింది. పట్టుకారు, స్పిరిట్ సీసా, స్క్రూలు వేసుకునే పాన్ డబ్బా మూత. ఒక్కొక్కటీ వాటి చోటుకి వెళ్లాయి. డబ్బా ఖాళీ అయింది.

అప్పుడు వచ్చి కంప్యూటర్ ముందు కూర్చుంది. డిస్కు జోలికి పోలేదు. ఈ ఆట విండోస్‌లో ఉన్నన్నాళ్లూ డిస్కు కోసం ఎక్కడికి వెళ్లేదో గుర్తు చేసుకుంది. డి అనే డ్రైవులోకి. వైన్ అమరికల్లో డ్రైవుల పట్టీ తెరిచింది. సి ఉంది. జెడ్ ఉంది. డి లేదు.

డి అని ఒకటి చేర్చి దానికి డిస్కుని చూపించింది. ఆట మళ్లీ డిస్కు పెట్టమంది. లూదియకి ఈసారి కోపం రాలేదు. పట్టీలోకి తిరిగి వెళ్లి, ఈ డి మామూలు డ్రైవు కాదు, సీడీ డ్రైవు అని రాసింది.

పెట్టె రాలేదు. లారీ కదిలింది.

ఆ సాయంత్రమే ఇద్దరూ వెళ్లి చలమయ్య ఇంట్లో కంప్యూటర్ బిగించారు. బిగించడం అయ్యాక మస్తాన్ గారు గుమ్మంలో నిలబడ్డారు. రాజ్యం భర్తని పట్టుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టింది. ఆయన కుడిచెయ్యి ఒళ్లో ముడుచుకుని ఉంది. మౌసు ఎప్పటిలాగే కుడివైపు ఉంది, మూరెడు దూరంలో.

ఆయన ఎడమ చెయ్యి బాగానే ఉంది కదా, అటు పెడితే ఆడుకోవడం తేలికవుతుందని లూదియ మౌసు మీద చెయ్యి వేసింది. జరపబోయి ఆగింది. చెయ్యి తీసేసి చున్నీలో చుట్టుకుంది.

తెర మీద లారీ ఆగి ఉంది. చలమయ్య దాన్ని చూస్తున్నాడు.

చాలాసేపటికి ఒళ్లో చెయ్యి కదిలింది. బల్ల మీద ఈడ్చుకుంటూ వెళ్లింది. మధ్యలో ఒకసారి ఆగింది. మళ్లీ వెళ్లింది. మౌసు అక్కడే ఉంది. వేళ్లు ఒక్కొక్కటిగా దాని మీద విప్పుకున్నాయి.

గుమ్మంలో ఉన్న మస్తాన్ గారికి ఇదేమీ కనపడలేదు. హారన్ వినపడింది.

ఆయన దారి ఇస్తున్నట్టు ఒక అడుగు పక్కకి జరిగారు.