ముట్టిందంటే ముట్టినట్టేనా!

దిగువపాడు మడుగు ఎండిపోతోంది. గేదెల సంగతి మీకు తెలియనిదేముంది, ఒంటికి బురద తగలకపోతే వాటికి పూట గడవదు. కాటుకమ్మ అనే గేదెకైతే కుడిపక్క తడుపుకుంటే ఎడమపక్క ఎండేది, ఎడమపక్కకి దొర్లితే దూడకి చోటుండేది కాదు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. ఆ ఏడు దిగువపాడులో ఉగాదికే పగిలాయి.

దీనికంతటికీ మూలం పైన ఉంది. మీదికొండ మీద ఏనుగులు తాతల నాటి నుంచీ బొగ్గుబట్టీలు ముట్టించి, చెట్టన్నదల్లా బొగ్గు చేసి బాగా బలిశాయి. చెట్లు పోయాయి, వాగు పోయింది, మబ్బులు కూడా ఆ దారి మానేశాయి. పొగ వాళ్ళది, దగ్గు వీళ్ళది! బావిలో నీళ్ళున్నాయి గానీ పాతాళంలో ఉన్నాయి. తోడాలంటే మోటారు కావాలి. డీజిలు మోటారు పెడితే మళ్ళీ ఆ పాడు పొగే. ఎండతో నడిచే మోటారైతే బ్రహ్మాండంగా ఉంటుంది. ఎండకేం కొదవ, దిగువపాడులో ఉచితంగా దొరికేది అదొక్కటే. కానీ అలాంటి మోటార్లు ఏనుగుల కొట్టాల్లోనే ఉన్నాయి.

"ఇస్తాం, తప్పకుండా ఇస్తాం" అని ఏనుగులు ఏటా సభ పెట్టి మరీ చెప్పేవి. మాటలు కోటలు దాటేవి, మోటారు మాత్రం కొండ దిగేది కాదు.

"అమ్మా, మడుగు మొత్తం ఎండిపోతే ఎక్కడికి పోతాం?" అని దూడ అడిగితే కాటుకమ్మ తోకతో ఈగలు తోలుకునేది. పుట్టిన మడుగు వదిలి, ముక్కూ మొహం తెలియని ఊళ్ళో బురద కోసం దేబిరించాలంటే ఆవిడకి దుఃఖం పొంగుకొచ్చేది.

అలాంటి రోజుల్లో ఒక పొద్దున గాడిదబండి మీద నిగనిగలాడే సోలార్ మోటారు ఎక్కించుకుని, చేత మైకు పట్టుకుని జంబయ్య అనే నక్క దిగాడు.

"దిగువపాడు వాసులారా! మీదికొండ ఐరావతయ్య దొరవారు మీకు మోటారు దయచేశారు. రేపు దొరవారు స్వయంగా విచ్చేస్తున్నారు. మీరంతా వరసగా వచ్చి, మోటారు మీద కాలో ముక్కో ఆనించి, మైకులో 'ముట్టింది' అని గట్టిగా చెప్పాలి. అంతే పని!"

బుడుంగి అనే బాతు ఎగిరి గంతేసింది. "నక్క తోక తొక్కాం! ఇక మడుగంతా నాదే. పిల్లలకి ఈత బడి పెడతాను, ఉత్తరపు గట్టు మీద ఇల్లు కడతాను..."

"ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" అంది కాటుకమ్మ.

జంబయ్య మాత్రం తోక ఒళ్ళోకి లాక్కున్నాడు.

కొత్త యంత్రం వస్తే పసుపు రాసి బొట్టు పెట్టడం మన ఆచారం కదా. కాటుకమ్మ పసుపు గిన్నె పట్టుకుని బండి దగ్గరికి వెళ్ళింది. చూస్తే మోటారుకి అప్పటికే పసుపు అట్టలు కట్టి ఉంది. ఒకచోట గొర్రె డెక్క అచ్చు, ఇంకోచోట పంది మూతి అచ్చు. సోలార్ పలకల సందులో వాడిపోయిన బంతిపూలు. కుంకుమైతే లెక్కే లేదు.

"నక్కబావా, ఇది కొత్తదేనా?"

"నిన్ననే పెట్టె విప్పాం కాటుకమ్మా!"

"మరి పది పేరంటాలు తిరిగొచ్చిన ముత్తైదువలా ఉందేం?"

జంబయ్య దగ్గాడు. "కొండ మీద పూజ చేయించాంలే" అని నీడ వెతుక్కుంటూ పోయాడు.

కాటుకమ్మ గాడిద ముందు గుప్పెడు గడ్డి పడేసింది. గాడిదకి గడ్డి తినడం వచ్చుగానీ గుట్టు దాచడం ఎక్కడొచ్చు!

"ఏవిటో వదినా, ఊరూరా తిరిగి నా గిట్టలరిగిపోయాయి. గొర్రెలపల్లిలో ముట్టుకున్నారు, పందులవాడలో ముట్టుకున్నారు. ముట్టిందని మైకులో అనగానే ఈ నక్క మళ్ళీ బండి కట్టమంటాడు. కొండ మీద మాత్రం ఊరికొక మోటారు ఇచ్చామని దొర దండలు వేయించుకుంటున్నాడు. కొండ దిగింది ఇదొక్కటే!"

కాటుకమ్మకి ఒళ్ళు మండిపోయింది. బట్టీల పొగంతా మాకు, పూలదండలన్నీ వాళ్ళకా! అయినా గేదె కోపం గేదె కోపమే, పైకి తెలియదు. నెమరు వేస్తూ ఆలోచించింది. కాకిని పిలిచి చెవిలో నాలుగు ముక్కలు చెప్పి పంపింది.

మర్నాడు షామియానా కింద ఐరావతయ్య కూర్చున్నాడు. కూర్చున్నాడంటే షామియానా మొత్తం ఆయనే. అంత ఎండలో కొండ దిగి వచ్చాడేమో, తొండం వాడి వేలాడుతోంది. జంబయ్య ముందుగా కాటుకమ్మని పిలిచి మైకు మూతి దగ్గర పెట్టాడు.

"చెప్పు కాటుకమ్మా. ముట్టిందా?"

"ముట్టింది బావా. కొండ మీద మీరు ముట్టించిన మంటల పొగ మాకు ఎప్పుడో ముట్టింది. ఇస్తామన్నదే ఇంకా ముట్టలేదు."

షామియానా అంతా గొల్లుమంది. ఐరావతయ్య చెవులు విదిలించాడు. "ఏవిటది?"

"తమకి తెలియందేముంది దొరా" అంది కాటుకమ్మ వినయంగా. "చుక్క నీళ్ళు పడకుండా ముట్టిందంటే తమ పేరుకే తక్కువ. తమ బంగారు తొండంతో మోటారు బావిలో దింపి, తొలి నీళ్ళు తమరే తాగితే, అప్పుడు కొండ దాకా వినపడేలా అంటాం. నడపడం కూడా తమరే చేసి చూపిస్తే చూసి నేర్చుకుంటాం."

"కుదరదు!" అని జంబయ్య అడ్డం పడ్డాడు. "బండి వేళవుతోంది... అంటే, ముహూర్తం దాటిపోతోంది... అసలు ఎండ చాలదు!"

"ఎండ చాలదా?" అన్నాడు గడ్డమయ్య అనే మేకపోతు, కాలే నేల మీద కాళ్ళు మార్చి మార్చి పెడుతూ. "నీ పాదాలనడుగు!"

ఐరావతయ్యకి పొగడ్తంటే చెరుకుగడ. పైగా దాహంతో నాలుక పిడచకట్టుకుపోయింది. "తప్పుకో జంబయ్యా" అని లేచాడు. మోటారు బావిలోకి దింపాడు, పలకలు ఎండకి తిప్పాడు, మీట నొక్కడం ఎలాగో, పలకలు తుడవడం ఎలాగో గొప్పలు పోతూ మూడుసార్లు చూపించాడు. గడ్డమయ్య నాలుగోసారి తనే నొక్కాడు. గొట్టంలోంచి భళ్ళున నీళ్ళు మడుగులోకి దూకాయి!

ఏనుగు దాహానికి చూరునీళ్ళు ఏపాటి? ఐరావతయ్య కడుపారా తాగి, తలారా స్నానం చేశాడు. తర్వాత కాటుకమ్మ మైకందుకుని, ఊరంతా వినేలా, "ముట్టింది!" అని అరిచింది.

చప్పట్లు ఆగకముందే జంబయ్య బావి దగ్గరికి పరిగెత్తాడు. "ఇక విప్పండి, విప్పండి! బండెక్కించాలి!"

"అదేం మాట బావా" అంది కాటుకమ్మ నీళ్ళ మధ్య తీరిగ్గా కూలబడుతూ. "ముట్టిందని మైకులో చెప్పించింది నువ్వే కదా! ముట్టినదాన్ని పట్టుకుపోతే దొంగతనం అంటారు."

అప్పుడే కాకి వెనకాల దుమ్ము లేపుకుంటూ గొర్రెలపల్లి గొర్రెలూ, పందులవాడ పందులూ వచ్చిపడ్డాయి.

"దొరా! మా ఊళ్ళో మోటారు ముట్టిందని ఈ నక్క మాచేత అనిపించాడు. మర్నాటికి మాయమైంది. ఎవడెత్తుకుపోయాడో తేల్చండి!"

అందరూ జంబయ్య వైపు చూశారు. జంబయ్య దొర వైపు చూశాడు. దొర గొంతులో ఇంకా దిగువపాడు నీళ్ళే ఉన్నాయి, ఒంటి మీంచి కారుతున్నవీ అవే. కొండ దిగింది ఇదొక్కటే అంటే ఇన్నాళ్ళు వేయించుకున్న దండలన్నీ ఉత్తవని ఒప్పుకోవాలి. తీసుకుపోదామంటే అందరి ముందూ దొంగ అనిపించుకోవాలి.

ఐరావతయ్య నీళ్ళు నమిలి, చివరికి నక్క మీద విరుచుకుపడ్డాడు. "చూస్తావేం? కొట్టం తాళాలు తీయించి వీళ్ళ మోటార్లు వీళ్ళకి చేర్చు! సాయంత్రంలోగా!"

"అన్నీనా దొరా?"

"ఎన్ని ఊళ్ళ చేత అనిపించావో అన్నీ!"

"బండి నేను లాగను, గిట్టలరిగిపోయాయి" అని గాడిద మడుగులోకి దిగిపోయింది. కొండ ఎక్కేదీ దిగేదీ, బండి కాడి మెడమీద వేసుకుని జంబయ్యే లాగాడు. కాటుకమ్మ కుడిపక్కా ఎడమపక్కా ఒకేసారి మునిగి, దూడకి చోటిచ్చి, నక్క ఎగశ్వాస వినపడినంతసేపూ నవ్వుతూనే ఉంది.

నీతి: చెప్పిన సాయం చెవికి ముడుతుంది, చేసిన సాయమే చేనుకి ముడుతుంది.