మగని పేరు పలికిన నాంచారి

ఏరు ఇప్పటికంటె సన్నగా పారిన కాలమది, వినండి. మేదరి వీరమ్మ కరవునాడు మూడూళ్లకు అంబలి కాచిపోసింది. ఆమె కూతురు కోటమ్మ, ఊరు వెలివేసిన మశూచి రోగులను విడువక సాకింది. ఆ కోటమ్మ కడుపున పుట్టినదే నాంచారి.

నాంచారి మగడు వెదురు చీల్చే కత్తితో ఆమెను చంపబోయాడు. ఆమె ఏరు దాటి ఆవలి రాజ్యపు శరణుచావడికి చేరింది. ప్రాణభయంతో వచ్చినవారికి అక్కడ నీడనివ్వవలెనని రాజుగారి కట్టడి. విచారణలు మూడు. మూడవసారి కూడ కాదన్నారా, తిరుగుపడవ ఎక్కి ఆ కత్తి దగ్గరికే పోవలె.

"ఎవరికి భయపడి వచ్చావు?" అన్నాడు వాఙ్మూలము వ్రాసుకొనే రాయసకాడు.

"మా ఇంటాయనకు."

"పేరు?"

నాంచారి తల వంచుకొన్నది. మగని పేరు పలికితే అతని ఆయుస్సు తగ్గునని పెద్దలు నేర్పారు. చంపవచ్చినవాని ఆయుస్సుమీద ఎంత బెంగ! తలచుకొంటే నాకు ఒళ్లు మండుతుంది.

"పేరు లేనివాడు కత్తి ఎట్లా పట్టాడమ్మా? వ్రాతలో లేనిది జరగనట్టే!"

రెండవసారి ఆమె కన్నులు మూసుకొని, "సింహాద్రి" అన్నది.

"ఆనాడు లేని పేరు ఈనాడెక్కడినుండి ఊడిపడింది? మాట మార్చావు. వ్రాతలో లేనిది జరగనట్టే!"

చెప్పకపోతే తప్పు, చెబితే తప్పు! ఏమి చోద్యమమ్మా ఇది!

నాంచారి ఏడవలేదు. చావడి అరుగుమీద బుట్టలల్లుతూ లోపలి విచారణలన్నీ విన్నది. తొమ్మిది బుట్టలు ముగిసేసరికి ఆమెకొక సంగతి తెలిసింది. గెలిచినవారందరూ తమ వాఙ్మూలము చదివించుకొన్నవారే.

మూడవసారి, "నేను చెప్పినది చదివి వినిపించండి, బాబూ," అన్నది.

"నీకెందుకు?"

"నా ప్రాణం అందులోనే ఉన్నది మరి!"

అతడు విసుక్కొంటూ చదివాడు.

"పేరు చెప్పలేదని వ్రాశారు. ఎందుకు చెప్పలేదో అడిగారా?"

"అడగలేదు."

"మీ ఆవిడ మిమ్ములను పేరు పెట్టి పిలుస్తుందా?"

చావడి గొల్లున నవ్వింది. రాయసకాని చెవులు ఎర్రబడ్డాయి. "మా ఇంట ఆ అలవాటు లేదు."

"మా ఇంటా లేదు. అదే వ్రాయండి. వ్రాతలో లేనిది జరగనట్టే కదా!"

వ్రాయక తప్పలేదు. శరణు ఇవ్వకా తప్పలేదు.

నాంచారి బ్రదికినన్నాళ్లు ఆ అరుగు విడువలేదు. కొత్తగా పడవ దిగిన ఆడుదానికి మొదట మంచినీళ్లిచ్చేది. పిదప ఏటికెదురుగా నిలబెట్టి, ఎవనికి భయపడి వచ్చినదో వాని పేరు మూడుమార్లు పలికించేది. "గట్టిగా అనవే అక్కా, ఏటికి చెవుడు!" అనేది. ఆ రేవులో ఆడువారు నేటికీ అట్లే పలికిస్తారు, ఆ మాటే అంటారు.

ఆమె అప్పగించిపోయినవి ఒక నీళ్లకుండ, ఒక ఈతచాప, చావడిలో అడగవలసిన ఒక్క మాట: "నేను చెప్పినది చదివి వినిపించండి."